అబ్బులు నోట్లో థర్మామీటరు

నేను ఒక గాజు థర్మామీటరును. ఏదో ఊరి ఫ్యాక్టరీలో పుట్టి, కడుపులో చుక్క పాదరసం పోయించుకుని, మందుల షాపు బీరువాలో కొన్నాళ్ళు పడుకుని, చివరికి కోనసీమలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి చేరాను. ఎన్ని నోళ్ళు చూశానో! చుట్ట కంపు నోళ్ళు, ఆవకాయ ఘాటు నోళ్ళు. నేనున్నంతసేపు అన్నీ మూసుకునే ఉండాలి. మనుషులకు జ్వరం కన్నా అదే కష్టం.

తర్వాత బ్యాటరీ థర్మామీటరు వచ్చింది. క్షణాల్లో కీచుమంటుంది. నన్ను సొరుగులో పడేశారు.

ఈమధ్య మా ఆస్పత్రిలో దగ్గు, జ్వరంతోపాటు దిగులు సంగతి కూడా అడుగుతున్నారు. అడగడం బాగానే ఉంది. జవాబులే పక్కవాళ్ళు చెబుతారు.

ఒకరోజు నూకరత్నం వచ్చింది. చిక్కి సగమైంది. వెంట మొగుడు అబ్బులు.

"ఏమైందమ్మా?" అన్నారు డాక్టర్ హైమవతిగారు.

"గ్యాసండి," అన్నాడు అబ్బులు.

"నిద్ర పడుతోందా?"

"ఆయ్, గుర్రెట్టి మరీనండి."

"గుర్రు ఎవరిది?"

"నాదేనండి."

"ఆవిడ మనసెలా ఉంది?"

"అక్కడిదాకా ఎక్కేసిందండి, గ్యాసు."

డాక్టరమ్మ సొరుగు లాగి, నన్ను స్పిరిట్ దూదితో తుడిచారు.

"అబ్బులుగారూ, మీకే జ్వరంలా ఉంది. నోరు తెరవండి. నేను చెప్పేదాకా మూసే ఉంచాలి."

గదిలో ఫ్యాను చప్పుడు వినిపించింది. నేను మొగుడి నోట్లో గట్టిగానే ఉన్నానని చూసుకుని, నూకరత్నం గొంతు విప్పింది.

"గ్యాసు కాదండమ్మా. కాలవ రేవులో బట్టలుతకాలంటే బయ్యమేత్తందండి. నీళ్ళలోకి దిగితే మళ్ళీ పైకెక్కబుద్ధవ్వట్లేదు."

అబ్బులు పళ్ళు నా మీద టకటకలాడాయి.

"కొరక్కండి! లోపల పాదరసం ఉంది!"

నన్ను తీసేసరికి అతని గొంతు చిన్నదైపోయింది. "పిచ్చాసుపత్రికి రాసేత్తారాండీ?"

"ఎక్కడికీ వద్దు. ఇదీ జబ్బే. బీపీకి ఇచ్చినట్టే ఇక్కడే మందిస్తాను. వారం వారం వచ్చి నాతో మాట్లాడాలి. తగ్గేదాకా ఈవిణ్ణి రేవుకి ఒంటరిగా పంపకండి."

కొన్ని వారాలకు నూకరత్నం మొహం తేటపడింది.

"నిద్ర పడతందండి. అన్నం కూడా తింటన్నాను. రేవుకి ఈయనే ఎల్తన్నాడు. చొక్కాలు తెల్లబడట్లేదు గానండీ, బండ మాత్రం తెల్లబడింది," అని నవ్వింది.

అబ్బులు తన ఉతుకుడు గురించి చెప్పుకోవడానికి నోరు తెరిచాడు. నవ్వుతున్న పెళ్ళాన్ని చూసి ఆగాడు. డాక్టరమ్మ వైపు చెయ్యి చాపాడు.

"అదిలా ఇవ్వండమ్మా, కాసేపెట్టుకుంటాను."

అతనికి జ్వరం లేదు, ఏనాడూ లేదు. బల్ల మీద బ్యాటరీ థర్మామీటరు నావంక కుళ్ళుగా చూసింది. క్షణాల్లో కీచుమనేదానికి ఈ ఉద్యోగం ఎవరిస్తారు?