పరుపులో దబ్బనం

నెలల పసికందును పరుపు మీద పడుకోబెట్టబోతూ మాబూబీ అలవాటుగా పరుపును అరచేత్తో తడిమింది. చురుక్కుమంది. వేలి మీద రక్తపు చుక్క. దూదిలో జానెడు దబ్బనం!

మనవరాలిని గబుక్కున గుండెలకు హత్తుకుంది. తడమకుండా పడుకోబెట్టి ఉంటే?

ఆ పరుపు కుట్టింది పరాయివాడు కాదు, ఆమె భర్త మాబు సాహెబ్. ప్రత్తిపాడు చుట్టుపక్కల ఎవరింట పెళ్లయినా పరుపులు ఆయన చేతి మీదుగానే వెళ్లాలి. ఆఖరి ముడి వేయగానే దబ్బనాన్ని తలగుడ్డలో గుచ్చుకోవడం ఆయనకు నలభై ఏళ్ల అలవాటు.

"ఏమయ్యా, దబ్బనం లోపలే పెట్టి కుట్టేశావే! పిల్లకు దిగితే ఏం గాను?" అని కేకలేసింది.

ఆయన నింపాదిగా వచ్చి అంచు కుట్టును వేళ్లతో నిమిరాడు. "కుట్టు భలే కుదిరిందే. ఎవరు కుట్టారు?"

వేళాకోళమేమోనని ముఖంలోకి చూసింది. అక్కడ నవ్వు లేదు. పొద్దున ఈ వసారాలోనే కదా కూర్చుని కుట్టాడు!

కొంతకాలంగా ఆయన కొలతలు మరిచిపోతున్నాడు, తెలిసిన వీధిలోనే తికమకపడుతున్నాడు. వయసు మీద పడిందిలే అని ఇంటిల్లిపాదీ నవ్వి ఊరుకున్నారు.

ఇక ఆగలేక ఆయన్ని గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్లింది. అక్కడ డాక్టర్ స్తుతి రిపోర్టులన్నీ చూసి, "బీపీ మాత్రలు ఎప్పుడు మానేశారు?" అని అడిగింది.

"పదిహేనేళ్లయిందమ్మా. ఒంట్లో ఏ బాధా లేదుగా, ఊరికే మింగితే అలవాటైపోతాయని నేనే మాన్పించా" అంది మాబూబీ.

"బీపీ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే రక్తనాళాలు బిరుసెక్కుతాయండి, పొలంలో ఎండకు ఎండిన డ్రిప్పు పైపుల్లాగా. గుండె కొట్టే దెబ్బంతా మెదడులోని సన్నటి నాళాల మీద పడుతుంది. అలాంటి పెద్దవాళ్ల మెదడులో, మతిమరుపు జబ్బులో కనిపించే అమిలాయిడ్ అనే ప్రొటీన్ ఎక్కువగా పేరుకుంటోందని పరిశోధనల్లో కనబడుతోంది. దానికి ఇదే కారణమని తేల్చి చెప్పలేం కానీ, రెంటికీ సంబంధం ఉంది. ఈయన స్కానులోనూ ఆ ప్రొటీన్ ఉంది."

మాబూబీ నెత్తిన పిడుగు పడ్డట్టయింది. బీపీకీ మతికీ ముడి ఉంటుందని ఆమెకు కలలోనైనా తోచలేదు.

"ఇప్పుడు మాత్రలేస్తే మళ్లీ మామూలు మనిషవుతాడామ్మా?"

"పోయింది తిరిగి తేలేమండి. ఉన్నది నిలుపుకోవడానికి చూద్దాం. బీపీని నడివయసులోనే అదుపులో పెట్టుకోవాలి, బాధ తెలిసేదాకా ఆగకూడదు."

బాధ లేదని బీపీని గాలికొదిలేసే ఇళ్లు మన ఊళ్లలో ఎన్ని లేవు! మాబూబీ కూడా ఇన్నేళ్లలో ఒక్కసారీ చూపించుకోలేదు. ఇప్పుడు తనే చెయ్యి చాచింది. డాక్టరమ్మ చూసి, "మీకూ ఎక్కువే ఉంది. ఇక రోజూ మాత్ర వేసుకోవాలి" అంది.

మాబూబీ పక్కనున్న భర్తను చూసింది. ఆయన ఖాళీ తలగుడ్డను తడుముకుంటున్నాడు.

"రాయండమ్మా, వేసుకుంటా. మాత్ర అలవాటవుతుందనే భయపడ్డా. నలభై ఏళ్ల అలవాటు మనిషిని వదిలిపోతుందని ఎరగనమ్మా."