పొదగని కోడి

మునిరత్నమ్మ దృష్టిలో ఆ ఎర్రకోడి చేసిన నేరం ఒక్కటే. గుడ్డు పెడుతుంది, వడమాలపేట అంతా వినేలా చాటుతుంది, వెనక్కి తిరిగి చూడకుండా పురుగుల వేటకు పోతుంది. పొదగదు.

"తల్లి బుద్ధి లేని కోడి మే అది," అంటుంది కోడలు రూపశ్రీతో, తప్పు కోడలిదే అయినట్టు.

రూపశ్రీ చెప్పీ చెప్పీ విసిగిపోయింది. అది గ్రామప్రియ, గుడ్ల కోసం పెంచే జాతి. పొదగకపోవడమే దాని గొప్ప. పొదిగే పనిలో పడితే గుడ్లు ఆగిపోతాయి. అట్టపెట్టెలో బల్బు కింద పెంచిందీ, పిల్లి నోట పడకుండా కాచిందీ తనే. బడికి పోయే కూతురికి పొద్దున్నే గుడ్డు దొరుకుతున్నది దాని పుణ్యానే. ఈ జాతి పొదగదన్నది పశువుల డాక్టరు చెప్పిన మాటేనంటే, "ఆయప్ప ఏమన్నా పొదిగినాడా?" అనడిగింది అత్త.

వారమంతా గుడ్ల మీద కోడిని పెట్టి, గంప మూసి, పైన బరువుకు రాయి ఉంచి చూసింది మునిరత్నమ్మ. కోడి గుడ్ల మీద నిలబడిందే గానీ కూర్చోలేదు. రెండు పగిలాయి.

"ఆదివారం అల్లుడొస్తాండాడు. కోసేద్దాం," అని తేల్చేసింది.

రూపశ్రీకి మిగిలింది ఒక్కటే ఆశ. గుడ్డు పెట్టిన దినం కోడిని కోయరాదన్నది అత్తగారి కట్టుబాటు. నాటుకోళ్లతో దానికి చిక్కేమీ రాలేదు. అవి కొన్ని గుడ్లు పెట్టి, పొదిగి, పిల్లల్ని తిప్పుకుంటూ నెలల తరబడి గుడ్డు ఊసే మరిచిపోతాయి. ఎర్రకోడి దాదాపు దినమూ పెడుతుంది.

ఆదివారం రానే వచ్చింది. పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి. పుత్తూరులో బస్సెక్కానని అల్లుడు ఢిల్లీబాబు ఫోను చేశాడు. కోడి మాత్రం ఆ రోజే తీరిగ్గా మట్టిలో పొర్లుతోంది. 'పెట్టు తల్లీ' అని రూపశ్రీ బతిమాలితే, ఒంటికన్నుతో చూసి రెండో పక్కకు తిరిగింది.

అత్త కత్తి నూరుకునేలోగా రూపశ్రీ ఫ్రిజ్జు తెరిచింది. నిన్నటి గుడ్డును కొంగుతో గబగబా రుద్ది, గంప కింద దొర్లించి, "అత్తా, పెట్టేసింది!" అని కేకేసింది.

మునిరత్నమ్మ వచ్చి గుడ్డును అరచేతిలోకి తీసుకుంది. "ఇదేంది మే, ఐసు మాదిరి సల్లగా ఉండాది?"

"వేడి యాడి నుంచొస్తాది అత్తా? తల్లి బుద్ధి లేని కోడి కదా."

కత్తి లోపలికి పోయింది. అల్లుడికి గుడ్ల పులుసు ఖాయమైంది.

ఆయన తిని చేయి కడుక్కునే వేళకు కోడి లేచి, గంప దగ్గరకు పోయి, అసలు గుడ్డు పెట్టి ఊరంతా చాటింది.

"దినానికి రెండా!" మునిరత్నమ్మ ఆ వార్తను అప్పటికప్పుడే గోడ మీదుగా పక్కింటికి అందించింది. సాయంత్రానికి పక్కింటి సుబ్బులమ్మ వచ్చి నిలబడింది.

"మే రూపా, ఇట్లాంటి కోడి యాడా సూడలే. దీన్ని పొదగేసి మాకూ నాలుగు పిల్లలియ్యి."

"పొదగదు సుబ్బులక్కా, ఇది..." అని రూపశ్రీ మొదలుపెట్టేలోపే, లోపల్నుంచి మునిరత్నమ్మ గంపతో బయటకు వచ్చింది. ఈసారి రాయి ఇంకా పెద్దది.