హూష్‌మంద్ ఆగా వెనకాల

టెహరాన్‌లో కారు కదలకముందే మర్యాదల గొడవ మొదలైంది. ముందు సీటు పెద్దవాళ్ళది. ఆ సంగతి తర్లాన్‌కి తెలుసు, బండి నడిపే బర్దియాకి తెలుసు, వాళ్ళు గౌరవంగా 'ఆగా' అని పిలిచే అరవై మూడేళ్ళ హూష్‌మంద్‌కి ఇంకా బాగా తెలుసు. అయినా ఆయన వెనక తలుపు పట్టుకుని కదల్లేదు. తనకి వెనకాలే హాయి అన్నాడు. తర్లాన్ కుదరదంది. తెల్లవారుజాము చలికి ముక్కులు కారుతున్నా ఇద్దరూ పట్టు విడవలేదు. చివరికి బర్దియా హారన్ కొట్టి, మీరిద్దరూ ఇలాగే నిలబడితే కొండ మీద మంచు కరిగిపోతుంది, అప్పుడు ముగ్గురం ఇంటికెళ్ళి టీ తాగుదాం అన్నాడు.

తర్లాన్ ముందు కూర్చుంది గానీ కుదురు లేదు. పెద్దాయనకి వీపు పెట్టి కూర్చోవడం ఆమెకి ముళ్ళ మీద కూర్చున్నట్టే ఉంది. మలుపు మలుపుకీ తల తిప్పి, "మీకు వీపు పెట్టాను, మన్నించండి" అంటోంది. "పువ్వుకి ముందూ వెనకా ఉంటాయా అమ్మాయ్" అని ఆయన ప్రతిసారీ జవాబిస్తున్నాడు. ఆ మాటకి అందరూ ఇచ్చే జవాబే అది. ఆయన నోట మాత్రం అప్పుడే పుట్టినట్టుంటుంది.

ఆమెకీ బర్దియాకీ చిన్నప్పుడు మంచు మీద నిలబడటం నేర్పింది ఈయనే. తర్లాన్ ఇప్పుడు కళ్ళద్దాల కొట్టు నడుపుతోంది, బర్దియా తండ్రితో కలిసి వంటపాత్రలు అమ్ముతున్నాడు. అయినా వారం తిరిగేసరికి ముగ్గురూ ఏదో ఒక కొండ కింద తేలతారు. తర్లాన్ స్కీలు మానేసి స్ప్లిట్‌బోర్డ్ పట్టినప్పుడు ఆయన రెండు నెలలు ఏడిపించాడు. ఎక్కేటప్పుడు రెండు చెక్కలుగా విడదీయడం, పైకెళ్ళాక మళ్ళీ ఒకటిగా బిగించి జారడం చూసి, ఇది బల్లా, తలుపా అని అడిగాడు. ఆ తర్వాత ఆ బల్ల బిగింపులు సడలితే సరిచేసింది కూడా ఆయనే.

ఈరోజు సంగతి వేరు. కబ్కాన్ కనుమ అవతల ఆయన పుట్టిన ఊరుంది. నలభై ఏళ్ళపాటు ప్రతి శీతాకాలం చివర్లో కనుమ దాటి, పైనుంచి జారుకుంటూ ఊళ్ళో దిగేవాడు. మోకాలి చిప్ప మార్పించుకున్నాక రెండేళ్ళుగా దిగలేదు. హూష్‌మంద్ స్కీలతో కోళ్ళదొడ్డికి కంచె కట్టారట అని ఊళ్ళో ఎవడో వేళాకోళం ఆడాడు. చెల్లెలు తూబా ఫోనులో నవ్వుతూ చెప్పిన ఆ మాట ఆయన నవ్వకుండా విన్నాడు. ఈ ఏడు దాటతాను, దాటలేకపోతే స్కీలు నిజంగానే కోళ్ళకిచ్చేస్తాను అన్నాడు. ఆయన ఊరికే మాట విసిరే మనిషి కాదు. ఎలాగైనా సరే ఈయన్ని ఇవాళ అవతలికి చేర్చాలని తర్లాన్ ఆ రోజే గట్టిగా అనుకుంది.

అడ్డంకల్లా కనుమకి కాస్త కిందున్న ఏటవాలు. పొద్దున దానిమీద ఎదుటి శిఖరం నీడ ఉంటుంది. ఎండ పైనుంచి మొదలై మెల్లగా కిందికి దిగుతుంది. నీడ అంచు వాలు మధ్యలోని నల్లరాయిని దాటి కిందికొచ్చిందంటే పైమంచు పట్టు వదిలేస్తుంది. అది చరియగా విరిగిందంటే మనిషి జాడ దొరకదు. రాయి దాకా ఎండ వచ్చాక ఆ వాలు మీద ఎవరూ కాలు పెట్టకూడదు, ఎవరు ఎంత బతిమాలినా వెనక్కే. ఈ నియమం పెట్టింది హూష్‌మంద్ ఆగాయే.

ఎక్కేటప్పుడు వెనక్కి జారకుండా స్కీల అడుగున తోలు పట్టీలు అతికించుకుని, మంచులో పూడిపోతే జాడ చెప్పే బీకన్లు ఒకరివొకరు సరిచూసుకుని బయల్దేరారు. రాత్రి కొత్త మంచు పడింది, పిక్కల దాకా దిగబడుతోంది. అలాంటప్పుడు ముందు నడిచేవాడి పని గొడ్డుచాకిరీ. అతను తొక్కిన దారిలో వెనకవాళ్ళు హాయిగా వచ్చేస్తారు. అందుకే జట్టులో ముందుండే పని వంతులవారీగా మారుతుంది. పెద్దాయన మాత్రం బయల్దేరగానే ముందుకెళ్ళి నిలబడ్డాడు.

మొదటి మలుపులో తర్లాన్ అడిగింది. మీరు అలిసిపోతారు, నన్ను పోనివ్వండి అంది. మీ నీడ చల్లగా ఉండాలి, ఇది నా వంతు అన్నాడాయన. మూడో మలుపులో బర్దియా అడిగాడు. నీ ప్రాణానికి నా ప్రాణం అడ్డు, నువ్వు వెనక ఉండు అన్నాడు పెద్దాయన. ఇంకోసారి అడిగితే ఇంకో తియ్యటి మాట వచ్చింది. మాటలకి లోటు లేదు, కాళ్ళకే సత్తువ తగ్గుతోంది. ఆయన ఆగడం మొదలుపెట్టాడు. ఒకసారి బూటు పట్టీ చూసుకోవాలన్నాడు. ఇంకోసారి లోయ ఫోటో తీయాలన్నాడు. జీవితంలో ఫోనుతో ఫోటో తీయని మనిషి ఆయన.

ముప్పై ఏళ్ళ మనుషులిద్దరూ, మార్పించిన మోకాలితో మంచు తొక్కుతున్న ముసలాయన వెనకాల తీరిగ్గా నడుస్తున్నారు. తర్లాన్‌కి సిగ్గుతో చచ్చినంత పనైంది.

"ఏం చేద్దామే?" అన్నాడు బర్దియా గొంతు తగ్గించి.

ఆమె పైకి చూసింది. శిఖరాల అంచున ఎండ వెలిగింది. ఇదే నడకైతే వాళ్ళు వాలు చేరేసరికి నల్లరాయి ఎండలో ఉంటుంది. వెనక్కి పోదామంటే ఆయన మారుమాట్లాడకుండా తిరుగుతాడు. నియమం ఆయనదే మరి. తిరిగాక ఇంక ఎప్పుడూ రాడు. ఇంకోసారి మర్యాదగా అడిగితే ఇంకోసారి మర్యాదగా కాదంటాడు. కాబట్టి అడగకూడదు.

తర్లాన్ దారి వదిలి పక్కన మంచులోకి దిగింది. మోకాలి దాకా కూరుకుపోయింది. పళ్ళు బిగించి ఒక కాలు లాగింది, రెండో కాలు లాగింది. పెద్దాయన పక్కకి తను వచ్చినా తల తిప్పలేదు, మన్నించమని అనలేదు. నోరు తెరిస్తే మళ్ళీ తారోఫ్, ఆ మర్యాదల గొడవ, మొదలవుతుంది, నువ్వంటే నువ్వని అక్కడే పొద్దుపోతుంది. ఆయన్ని దాటి, ముందు నిలబడి, నిండుగా వీపు పెట్టి నడక సాగించింది.

వెనకనుంచి ఏదో ఒక మాట వస్తుందని చూసింది. రాలేదు. తండ్రి తర్వాత తండ్రి అంతటివాడిని అవమానించానని అనుకుంది. అయినా ఆగలేదు. స్ప్లిట్‌బోర్డ్ చెక్కలు స్కీలకంటే వెడల్పు, ప్రతి అడుగుకీ మంచు గంపెడు ఎత్తాలి. తొడలు మండాయి, చెమట కళ్ళల్లోకి దిగింది. తిట్టుకోనీ, ఇంటికెళ్ళాక ఏడాది మాట్లాడకపోనీ, ఈయన్ని అవతల దించి తీరతాను అనుకుంది. కాసేపటికి బర్దియా కూడా దారి వదిలి, పెద్దాయన్నీ ఆమెనీ దాటుకుంటూ వచ్చాడు.

"తప్పు నువ్వొక్కదానివే చేస్తే ఎలా? నాకూ కొంచెం మిగుల్చు" అన్నాడు రొప్పుతూ.

ఆపైన ఇద్దరూ మార్చి మార్చి దారి తొక్కారు. పెద్దాయన వెనకాల, వాళ్ళు వేసిన దారిలో, ఎక్కడా ఆగకుండా వచ్చాడు. ఫోటోలు కూడా అక్కర్లేకపోయాయి.

వాలు చేరేసరికి నీడ అంచు నల్లరాయికి మనిషెత్తు పైన ఉంది. ఒక్కొక్కరే దాటాలి, ఒకరు అవతలి బండ చేరాకే రెండోవాళ్ళు కదలాలి. తర్లాన్ ముందు దాటింది. తర్వాత హూష్‌మంద్ ఆగా బయల్దేరాడు. బండ చాటునుంచి ఆమె నీడ అంచునీ ఆయన్నీ మార్చి మార్చి చూసింది. ఆయన తొందరపడలేదు, తడబడలేదు. ఒకే నడకతో వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. చివరికి బర్దియా చేరేసరికి ఎండ రాయి నెత్తిన పడింది.

కనుమ మీద గాలి కోసేస్తోంది. పెద్దాయన సంచి దించి ఫ్లాస్కు తీసి, మొదటి గ్లాసు తర్లాన్‌కే ఇచ్చాడు, చక్కెర బిళ్ళతో సహా.  ఆమె తాగకుండా గ్లాసు పక్కన పెట్టింది.

"ఆగా, అంతసేపు మీకు వీపు పెట్టి..."

"ఆపు అమ్మాయ్. ఇంక తారోఫ్ వద్దు." ఆయన మోకాలు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. "రెండో మలుపులోనే నా కాలు అయిపోయింది. మీలో ఎవరో ఒకరు దాటి వెళ్ళకపోతారా అని చూస్తూనే ఉన్నాను. నోరు తెరిచి అడగలేకపోయాను. మీరేమో వంచిన తల ఎత్తకుండా నా వెనకే వస్తిరి."

బర్దియా నోట్లో ఖర్జూరం అలాగే ఉండిపోయింది. "అంటే మేం వెనకాల సిగ్గుతో చస్తుంటే, మీరు ముందు అలసటతో చస్తున్నారా?"

"మరి? మంచి కుటుంబాల పిల్లలైతిరి, నా ఖర్మ."

ముగ్గురూ నవ్వారు. తర్లాన్ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఇరవై ఏళ్ళలో ఆయన నోట, నా కాలు అయిపోయింది అన్న మాట వినడం ఇదే మొదటిసారి. అంత పెద్ద కొండ ఎక్కడం కంటే ఆ చిన్న మాట అనడమే ఆయనకి కష్టమైందని ఆమెకి తెలిసింది. 

"ఇంకోసారి నేను ముందు నడుస్తుంటే అడక్కు, దాటు" అన్నాడు.

తోలు పట్టీలు ఊడదీసి సంచుల్లో పెట్టుకున్నారు. తర్లాన్ చెక్కలు రెండూ కలిపి బిగించింది. అవతలి వాలు ఇంకా నీడలోనే ఉంది, మంచు మీద ఒక్క గీత లేదు. అడుగున ఊరి కప్పుల మీద పొగ లేస్తోంది. తూబా ఆష్ సూప్ కాచి ఉంటుంది, చిక్కగా, పుదీనా వేయించి వేసి. ఇళ్ళ ముందు చిన్నగా మనుషులు కనిపిస్తున్నారు.

ఇప్పుడు మొదట ఎవరు? తర్లాన్ చేతిలోని స్కీ కర్ర చాపి వాలు చూపించింది. మీరే ముందు అని ఒక్కసారే అంది. ఆయన కాదనలేదు, నువ్వు పద అనలేదు. ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసి, స్కీలు ముందుకి తోసి దిగిపోయాడు. దిగుడులో మోకాలి గోల ఏమైందో గానీ, వెడల్పాటి మెలికలు తిప్పుతూ, మంచు రేపుకుంటూ, పాతికేళ్ళవాడిలా పోయాడు. కింద ఎవరో చూశారు. కేక వేశారు. ఇళ్ళలోంచి ఇంకొంతమంది బయటికొచ్చారు.

సగం దూరం వెళ్ళాక ఆయన ఆగాడు. తల తిప్పలేదు, ఊరివైపే చూస్తూ గొంతెత్తాడు.

"తర్లాన్! మీకు వీపు పెట్టాను, మన్నించండి!"

 బర్దియా ఆమెని మోచేత్తో పొడిచాడు. అప్పుడు ఆమె ఊరికి కూడా వినపడేలా అంది.

"పువ్వుకి ముందూ వెనకా ఉంటాయా ఆగా!"

ఆయన కర్ర ఒకటి పైకెత్తి ఊపి, మళ్ళీ కిందికి సాగిపోయాడు.