రాయికీ పురుగుకీ నడుమ

పురుగులు చచ్చిన తట్టలో ఆఫీసరు వేలు పెట్టాడు. నల్లబడి మెత్తబడిన పట్టుపురుగును గోటితో పక్కకు నెట్టి, దాని కింది మల్బరీ ఆకును పైకెత్తి చూశాడు. ఆకు ఇంకా తడిగానే ఉంది.

"ఆకు కడిగావా?" అని అడిగాడు.

మా చిన్నమ్మ కుళ్ళాయమ్మకు అబద్ధం చెప్పడం రాదు. "కడిగినా సారూ. దుమ్ముతో తెల్లగుండాది గదా, ఎట్ల ఎయ్యల్ల పురుగులకి? ఈదంతా కడుగుతాండారు."

"తడి ఆకు వేస్తే పురుగు చస్తుందని తెలియదా? ఇరవై ఏళ్ళుగా మేపుతున్నావు!"

"తెలుసు సారూ. ఆరబెట్టినా. మబ్బు పట్టె, ఆరల్యా."

ఆఫీసరు కాగితం తీసి 'పెంపకందారు నిర్లక్ష్యం' అని రాశాడు. గుట్ట మీద రాళ్ళు నలగ్గొట్టే క్రషర్ ఆడుతూనే ఉంది. దాని దుమ్ము షెడ్డు రేకుల మీద, మా నెత్తుల మీద, ఆయన రాస్తున్న కాగితం మీద కూడా పడుతోంది. కాగితం మీది దుమ్మును ఆయన ఉఫ్‌మని ఊదేసి, ఆ తర్వాత సంతకం పెట్టాడు. ఇది కళ్ళారా చూశాను కాబట్టి చెబుతున్నాను.

నా పేరు భాగ్య. హిందూపురంలో పట్టుగూళ్ళ నుంచి దారం తీసే రీలింగ్ షెడ్డులో పనిచేస్తాను. మరిగే నీళ్ళలో నాతోపాటు వేళ్ళు ముంచే అక్కలకూ, ఆ దారంతో ధర్మవరంలో మగ్గం నేసే అన్నలకూ, కాలేజీల్లో చదువుకునే తమ్ముళ్ళకూ, చెల్లెళ్ళకూ ఈ సంగతి తెలియాలి. రెండేళ్ళుగా గూళ్ళు పలచబడి దారం తెగుతోంది. మేస్త్రి మా చేతుల్ని తిట్టాడు. ధర్మవరంలో షావుకారు నేతగాడి చేతుల్ని తిట్టాడు. ఎవరూ తల ఎత్తి పెనుకొండ దారిలో ఉన్న మా దిన్నెమీదపల్లి గుట్టను చూడలేదు. నేనూ చూడలేదు, ఆ ఊళ్ళోనే పుట్టినదాన్ని.

ఆకు కడగాలన్న ఆలోచన ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. అది చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది.

శివశంకర్‌ది తాతల కాలం నుంచి ఊళ్ళో పెద్ద సేద్యం. మూడేళ్ళ కిందట గుట్టను లీజుకు తీసుకుని, రోడ్డు కంకర కోసం క్రషర్ పెట్టాడు. మొదటి ఏడాది ఆకు మీద పలచగా పొడి పడింది. రెండో ఏడాది ఆకు పచ్చదనం కనిపించలేదు. పురుగు ఆకు మీద తల ఆనించి, తినకుండా వెనక్కి తీసుకునేది. పోయి అడుగుదామని కొందరన్నారు. పెద్దమనిషి, ఆయన చేలోనే కూలికి పోతాం, ఆయనతో మనకెందుకని ఎక్కువమంది అన్నారు. అప్పుడు ఆడవాళ్ళందరం బోరు దగ్గర కూడి ఆకు కడుక్కుందామని తీర్మానం చేశాం. సెలవుకు వచ్చిన నేనూ సరేనన్నాను. బుట్టలు బుట్టలుగా ఆకు ముంచి, చీరల మీద ఆరబెట్టడం మొదలుపెట్టాం. దుమ్మును కడిగాం గాని, దుమ్ము పోసేవాణ్ణి నిలబెట్టి ఒక్క మాట అడగలేదు. మా తప్పు అదే. తొమ్మిది షెడ్లలో పురుగులు చచ్చాక, ఆ తప్పునే కాగితం మీద రాసి మా మెడకు కట్టారు.

పురుగుల ఆఫీసరు అలా రాసుకుపోయిన మర్నాడు ఇరవై మందిమి గనుల ఆఫీసుకు పోయాం. అక్కడి సారు మర్యాదగానే మాట్లాడాడు. "అమ్మా, మేం రాయిని చూసేవాళ్ళం. లీజు సక్రమంగా ఉంది. పురుగుల సంగతి పురుగుల ఆఫీసులో అడగండి."

పురుగుల ఆఫీసరు దగ్గరికి మళ్ళీ పోతే ఆయన విసుక్కున్నాడు. "నేను చూసేది పురుగును. రాయి సంగతి నాకెందుకు? అయినా రాయికీ పురుగుకీ ఏం సంబంధం?"

ఆ ప్రశ్న మోసుకుని ఊరికి వచ్చాం. సాయంత్రం బడి ముందర మీటింగు పెట్టాం. గొర్రెల మారప్ప ఎప్పుడూ మీటింగులో నోరు తెరవడు. ఆ రోజు కట్టె నేలకానించి లేచాడు.

"ఏమబ్బా, సంబంధం ల్యాదంటాడా ఆ సారు? వాన పడితే నీళ్ళు యాడికి పోతాయో ఆయప్పకి తెలుసునా? గుట్ట మీద బండ సందుల్లో దిగుతాయి. దిగి దిగి మూడు నెలలకి మన బావిలో ఊరుతాయి. ఆ నీళ్ళతోనే మీ మల్బరీ. నా గొర్రెలు పైన బండ గుంటల్లో నీళ్ళు తాగి, కిందికొచ్చి మీ చేలో మంద పండుకుంటాండె. వాటి పెంటికలే గదా మీ చెట్టుకి బలం? ఇప్పుడు మందు పెట్టి బండ పగలగొట్టినారు. నీళ్ళు యా సందులో పోతాండాయో ఎవురికీ తెల్దు. గుంట ల్యాదు, గడ్డి మీద పొడి. మంద తోలుకోని నేను కర్ణాటక దిక్కు పోవల్ల. నేను పోతే మీ చేనుకి పెంటిక ల్యాదు. రాయి కదిలిస్తే ఇంతమంది కదలల్ల. ఇదప్పా సంబంధం."

జనం గట్టిగా అవునన్నారు. అప్పుడు వెనక నుంచి రామాంజనేయులు లేచాడు. కుళ్ళాయమ్మకు ఒక్కడే కొడుకు, నాకు అన్న వరస. గుట్ట మీద పేలుడు మందు కూరడానికి బండకు తమరు, అంటే రంధ్రం, వేసే డ్రిల్లు పని అతనిది. ఏడాదిగా దగ్గుతున్నాడు.

"అంతా బాగనే మాట్లాడతాండారు. క్రషర్ నిలిపితే మేం నలభై మందిమి యాడికి పోవల్ల? బెంగళూరికా? సేద్యం కూడు పెట్టకనే గదా ఆ మిషన్ పట్టుకున్నేది?"

"సేద్యం కూడు పెట్టకుండా చేసింది ఎవుర్రా?" అని కుళ్ళాయమ్మ లేచింది. "నువ్వు పొద్దున పోయి కొట్టే పొడి, నేను మజ్జానం ఆకు మీద నుంచి కడుగుతాండా. మనిద్దరి చేతా వాడే పని చేయించుకుంటాండాడు, నీకి అగుపడలేదా?"

"అగుపడినా ఏం చెయ్యల్లమ్మా? కడుపుండాదే!"

తల్లీ కొడుకులు అందరి ముందరా అరుచుకున్నారు. రామాంజనేయులు దగ్గు తెర రాగా కూర్చుండిపోయాడు. క్రషర్ కూలీలు అతని వెంట లేచి వెళ్ళిపోయారు. మీటింగు రెండుగా చీలింది, శివశంకర్‌కు కావలసింది కూడా అదే.

అర్జీల మీద అర్జీలు పెట్టగా, గాలిలో దుమ్ము కొలిచే ఆఫీసు వాళ్ళు వస్తారని కబురొచ్చింది. మాకన్నా ముందు శివశంకర్‌కు వచ్చింది. వాళ్ళు వచ్చే ముందు రోజే మిషన్ రిపేరని క్రషర్ ఆపించాడు. ట్యాంకర్లతో దారంతా నీళ్ళు కొట్టించాడు. ఆఫీసు వాళ్ళు బడి మిద్దె మీద యంత్రం పెట్టి, మూడు రోజులుంచి, గాలి శుభ్రంగా ఉందని రాసుకున్నారు.

శుభ్రంగానే ఉంది మరి! మొదటి రోజు సాయంత్రం ఒక వాన పడి ఆకు మీది పొడి కొట్టుకుపోయింది. మర్నాడు మధ్యాహ్నానికి ఎండకు ఆకు ఆరింది. కుళ్ళాయమ్మ మిగిలిన ఆశనంతా పెట్టి కొత్త పురుగులు మేపడం మొదలుపెట్టి ఉంది. అవి అప్పుడే నాలుగో జ్వరం నుంచి లేచాయి. పురుగు నాలుగుసార్లు తిండి మాని పొర విడుస్తుంది, దాన్నే మేం జ్వరం అంటాం. నాలుగోది అయ్యాక ఏడు రోజులు ఆగకుండా తింటుంది. ఆ ఏడు రోజుల్లో తిన్నదే గూడవుతుంది. కడగని ఆకు కోసుకొచ్చి వేసింది మా చిన్నమ్మ. పురుగులు తింటుంటే ఆ చప్పుడు షెడ్డు బయటికి వినిపించింది. రెండేళ్ళ తర్వాత ఆ చప్పుడు విన్నాం. ఆమె తట్టల మధ్య నిలబడి ఏడ్చింది, నేనూ ఏడ్చాను.

"సూడు భాగ్యా, ఇదేనే సాక్ష్యం. మిషన్ నిలిచింది, పురుగు తినింది. ఇంగ ఎవురు రాయల్ల ఇది?"

రాసేవాడు ఎవడూ లేడు. యంత్రం ఎత్తుకుని ఆఫీసు జీపు పోయిన పూటే క్రషర్ మళ్ళీ ఆడింది. సాయంత్రానికి ఆకు తెల్లబడింది. ఇంకా ఐదు రోజులు మేపాలి. ఈ పంట పోతే మల్బరీ పెరికేసి బెంగళూరు పోవడం తప్ప కుళ్ళాయమ్మకు దారి లేదు. మిగతా ఎనిమిది ఇళ్ళదీ అదే సంగతి.

మరుసటి పొద్దున ఏడు గంటలకు పదకొండు మంది ఆడవాళ్ళం టిప్పర్ల దారికి అడ్డంగా కూర్చున్నాం. ఒక టిప్పర్ వచ్చి నిలిచింది. దాని వెనక ఇంకొకటి. తొమ్మిదింటికి పద్నాలుగు నిలిచాయి. క్రషర్ ఆగింది. శివశంకర్ కారు దిగి నవ్వుతూనే మాట్లాడాడు.

"ఏం కుళ్ళాయమ్మా, పురుగులకి ఆకు ఎయ్యకుండా ఈడ కూసున్నావు?"

"నువ్వు దుమ్ము నిలుపు, నేను పోయి ఆకేస్తా."

"రోడ్డుకి కంకర వద్దా? మీ బస్సులు దేని మీద పోవల్ల?"

"బస్సెక్కి యాడికి పోమంటావు మమ్మల్ని?" అని నేను అరిచాను. "ఊరు ఇడిసి పోయేదానికేనా ఆ రోడ్డు?"

అతని నవ్వు పోయింది. పది గంటలకు పోలీసులు వచ్చారు. చేతులూ కాళ్ళూ పట్టి ఎత్తి వ్యానులో వేశారు. మా వెనక టిప్పర్లు కదిలిన చప్పుడు వినిపించింది.

మధ్యాహ్నం తహసీల్దారు ముందర నిలబెట్టారు. బల్ల మీద పదకొండు కాగితాలు ఉన్నాయి. ఇక ఆ దారిలోకి రాము, గొడవ చెయ్యము అని పూచీ రాసివ్వాలి. సంతకం పెడితే ఇంటికి, పెట్టకపోతే కడప జైలుకు. ఆయన చెడ్డవాడు కాదు. మా ముఖాలు చూసి మెత్తగానే చెప్పాడు. "పురుగులు ఆకలితో ఉంటాయటగా అమ్మా. సంతకం పెట్టి పోండి, మేపుకోండి."

ఎవరో ఆయన చెవిలో వేశారన్నమాట. పురుగు ఆకలి కూడా మా మీద ప్రయోగించడానికి పనికొచ్చింది.

అప్పుడే రామాంజనేయులు వచ్చాడు. ఒళ్ళంతా రాతిపొడి, కనురెప్పలు కూడా తెల్లగా ఉన్నాయి.

"అమ్మా, సంతకం పెట్టు. పురుగులు తలలెత్తి ఆడిస్తాండాయి. ఆకలికి చస్తాండాయి."

"నువ్వు ఎయ్యకపోతివా ఆకు?"

"ఏసినా. కోసి రెండు మోపులు ఏసినా. ముట్టల్యా." అతను రెండు అరచేతులూ చాపి చూపించాడు. "ఆకు దులిపినా, తుండుగుడ్డతో తుడిచినా. ఒగొగ ఆకు తుడిచినానమ్మా! నేను కొట్టిన పొడే, నా చేతికే అంటుకోని వస్తాంది. తుడిచేకొద్దీ వస్తాంది."

కుళ్ళాయమ్మ కొడుకు చేతుల్ని చూసింది. ఇంటికి పోయినా ఆమె చేయగలిగేది కూడా ఆకు తుడవడమే. కడిగితే తడికి చస్తాయి, కడగకపోతే దుమ్ముకు చస్తాయి. అక్కడ నిలబడిన అందరికీ ఆ సంగతి తెలుసు. అయినా మనసు కొట్టుకుంటుంది. పురుగుల్ని ఇరవై ఏళ్ళు పసిబిడ్డల్ని సాకినట్టు సాకిన చేతులు ఆమెవి. ఆ పురుగుల్ని ఆకలితో వదిలేసి జైలుకు పోవడం ఆమెకు ఎంత కష్టమో, పక్కన నిలబడి నేను చూశాను. నేనే సంతకం పెట్టమని చెప్పబోయాను.

ఆమె కాగితాన్ని బల్ల మీద వెనక్కి జరిపింది.

"సారూ, ఈ పురుగులు చస్తాయి. నాకి తెలుసు. ఇప్పుడు దీని మీద ఏలుముద్ర ఏసి పోతే, ఇంగ ఆ ఊళ్ళో పురుగే ఉండదు, ఆకే ఉండదు. నేను ఎయ్యను."

నేను వెయ్యనన్నాను. నా పక్కామె వెయ్యనంది. అలా పదకొండు కాగితాలూ ఖాళీగా మిగిలాయి. తహసీల్దారు పెన్ను మూసి, పోలీసుల వైపు చూశాడు.

"సారూ, ఇంగో కాగితం తీయండి," అన్నాడు రామాంజనేయులు. "నా పేరు గూడా రాయండి. నేనూ సంతకం ఎయ్యను."

"నువ్వు క్రషర్ మనిషివి కదయ్యా? నీకు ఈ ఆడవాళ్ళ గొడవతో ఏం సంబంధం?"

రామాంజనేయులు జవాబు చెప్పబోయాడు. దగ్గు వచ్చింది. ఆగకుండా దగ్గాడు, బల్ల పట్టుకుని వంగిపోయి దగ్గాడు. తహసీల్దారు నీళ్ళ గ్లాసు ముందుకు జరిపాడు. రామాంజనేయులు దాన్ని ముట్టుకోలేదు. ఊపిరి అందాక వచ్చి వాళ్ళమ్మ పక్కన నిలబడ్డాడు.

మేం పదకొండు మందిమీ, రామాంజనేయులూ పన్నెండు రోజులు కడప జైల్లో ఉన్నాం. రెండో రోజుకే పురుగులన్నీ చచ్చాయని, మారప్ప గుంత తీసి పూడ్చాడని కబురొచ్చింది. గుట్ట మీద మా ఊరి నలభై మందిలో పదిహేడు మంది పనికి పోవడం లేదు. వాళ్ళ చోట వేరే రాష్ట్రం నుంచి ముప్పై మందిని తెచ్చారు, పాపం వాళ్ళకు మాతో మాట్లాడటానికి మా భాష కూడా రాదు. క్రషర్ ఆడుతూనే ఉంది. మూడు ఇళ్ళవాళ్ళు మల్బరీ పెరికేశారు. రామాంజనేయులు ఊపిరితిత్తుల్లో ఉన్నది తగ్గేది కాదని డాక్టరు చెప్పాడు. గెలిచామని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు, అబద్ధం చెప్పను.

జైలు నుంచి వచ్చిన మర్నాడు ఇంటిగడప దగ్గర కుళ్ళాయమ్మ చీర కుచ్చిళ్ళు దోపుకుంటూ కనిపించింది. యాడికి చిన్నమ్మా అని అడిగాను.

"దారికి," అంది. "ఏడు గంటలకి మొదటి టిప్పర్ వస్తాది."

రామాంజనేయులు అప్పటికే ముందు పోయాడు. నేను తలుపు దగ్గరికి వేసి ఆమె వెంట నడిచాను.