నీళ్ళు తీసేస్తే

"నువ్వేదో తిండి గురించే చదివావుగా! ఇన్నాళ్ళకి ఆ చదువు పనికొచ్చే రోజొచ్చింది. వీటిల్లో ఏది మంచిదో చూసి చెప్పు," అంటూ రామ్మోహనరావు ఓ అట్టపెట్టె తెచ్చి వంటగట్టు మీద పెట్టాడు.

పద్మావతి చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. చెయ్యి కడుక్కుని పెట్టెలోకి తొంగిచూసింది. అరచేతిలో ఇమిడే డబ్బాలు, సగం ఎర్రవి, సగం నీలంవి. అడుగున ఎండుగింజల పాకెట్టు ఒకటి. అన్నిటిమీదా పిల్లి బొమ్మే. అసలు పిల్లి అప్పటికే హాల్లో సోఫా కింద దూరి కూర్చుంది.

అది రామ్మోహనరావు ఆఫీసు డైరెక్టరు ఉదయ్ భాస్కర్ గారి పిల్లి, పేరు మిస్టీ. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తారీఖు మర్చిపోతాయన్న గొడవ నడుస్తున్న రోజులవి. ఆ పనిమీద ఆయన భార్యతో సహా మూడు వారాలు సింగపూరు వెళ్తూ, పిల్లిని ఎవరు చూసుకుంటారని ఆఫీసులో అడిగాడట. హైటెక్ సిటీలో ఆ గుండ్రటి భవనం మూడో అంతస్తులో నలుగురు చేతులెత్తారు. గెలిచింది రామ్మోహనరావు. పిల్లికి బిచ్చం పెట్టడని పేరు మోసిన మనిషి, ఆ పిల్లిని ఒళ్ళో పెట్టుకుని జూబ్లీహిల్స్ నుంచి లింగంపల్లి దాకా ఆటోలో వచ్చాడు. దసరాకల్లా ప్రాజెక్టు మేనేజరు అవ్వాలని ఆయన ఆశ. ఆశకి మీసాలూ తోకా ఉంటాయని పద్మావతికి ఆ రోజే తెలిసింది.

"డాక్టరు దీనికి ప్రోటీను ఎక్కువ పెట్టమన్నాడట. చూడు, ఈ పాకెట్టులో ముప్ఫై శాతం. ఎర్ర డబ్బాలో పది, నీలందాంట్లో తొమ్మిది. ఇంకేముంది, గింజలే పెట్టు," అన్నాడు. అడిగిందీ ఆయనే, జవాబు చెప్పుకున్నదీ ఆయనే. ఆ ఇంట్లో ప్రశ్నలన్నీ అంతే.

"అలా పోల్చకూడదండీ," అంది పద్మావతి. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "డబ్బా తిండిలో ముప్పాతిక పైన నీళ్ళే. ఇదిగో, తేమ డెబ్బై ఎనిమిది అని రాశాడు. నీళ్ళు తీసేసి, మిగిలినదాంట్లో ఎంతుందో చూడాలి. ఎర్రదాంట్లో నీళ్ళు పోతే మిగిలేది ఇరవై రెండు. అందులో పది ప్రోటీను, అంటే నూటికి నలభై అయిదు. నీలందాంట్లో తేమ ఎనభై రెండు, మిగిలేది పద్దెనిమిది, అందులో తొమ్మిది. సగానికి సగం! గింజల్లో తేమ పదే కాబట్టి, ఆ ముప్ఫై కాస్తా ముప్ఫై మూడవుతుంది, అంతే. మీరు అన్నిటికన్నా తక్కువనుకున్నదే అన్నిటికన్నా ఎక్కువ."

ఆమె డబ్బా వెనక్కి తిప్పింది. ఎన్నాళ్ళయిందో ఇలా మాట్లాడి. "ఏది ఎక్కువ వేస్తే దాని పేరు ముందు రాస్తారు. ఎర్రదాంట్లో నీళ్ళ తర్వాత గోధుమ జిగురు, బియ్యప్పిండి. కోడి ఎక్కడో ఆరోది. పైన మాత్రం పెద్దక్షరాలతో చికెన్ ఫ్లేవర్ అని! ఫ్లేవర్ అంటే ముక్క కాదండీ, వాసన. ఎప్పుడైనా సరదాకి పెట్టడానికే అని కింద చిన్నక్షరాలతో వాడే ఒప్పుకున్నాడు. నీలందాంట్లో కోడిమాంసమే మొదటిది, తర్వాత కార్జం. పిల్లులకి టారిన్ అనే పోషకం తప్పనిసరి, అదీ కలిపారు. రోజూ పెట్టదగ్గ పూర్తి ఆహారమని రాశారు."

"ఓ నోట్సులో రాసివ్వు," అన్నాడు రామ్మోహనరావు.

రెండ్రోజుల తర్వాత సింగపూరు నుంచి ఫోనొచ్చింది. "నేనే లెక్క వేశాను సార్. నీళ్ళు తీసేసి చూడాలి సార్, చాలామందికి తెలీదు," అని ఆయన హాల్లో నిలబడి చెబుతుంటే పద్మావతి వంటింట్లో పోపు వేస్తూ విన్నది. కోపం రాలేదు. కోపం రావడానికి కూడా కాస్త అలవాటుండాలి. ఆమె హోంసైన్సు కాలేజీలో పోషకాహారం మీద ఎమ్మెస్సీ చేసింది. పెళ్ళయిన కొత్తలో ఒక ఆసుపత్రిలో రోగులకి ఆహారం నిర్ణయించే ఉద్యోగం వస్తే, "ఉప్పూ కారం కొలవడానికి ఎమ్మెస్సీ దేనికే? మా అమ్మ ఏం చదివిందీ?" అని రామ్మోహనరావు నవ్వాడు. ఆయన నవ్వాడు కదాని తనూ నవ్వింది. ఆయన నవ్వు ఆమె ఎప్పుడో మర్చిపోయింది. తన నవ్వు గుర్తొస్తే మాత్రం ఇప్పటికీ సిగ్గుతో చెవులు కాలుతాయి.

పిల్లికి రాజభోగం మొదలైంది. మూడు పూటలా నీలం డబ్బాయే. బరువు తగ్గకుండా చూడాలని రామ్మోహనరావు తూకం మిషను కొనుక్కొచ్చాడు. మూడ్రోజులకోసారి పిల్లిని ఎత్తుకుని దానిమీద నిలబడి, తన బరువు తీసేసి, "నాలుగు కిలోల వంద! రాసుకో," అనేవాడు. పద్మావతి రాసుకునేది.

ఇల్లు తుడుస్తున్న ఈరమ్మ చీపురు ఆపి చూసింది. "ఇదేందమ్మా! పిల్లికి తూకమేస్తున్రా? నా బిడ్డ పుట్టినప్పుడు గూడ ఎవ్వలూ తూకమెయ్యలే," అంది. అందరూ నవ్వారు. పద్మావతీ నవ్వింది.

పిల్లికి పెట్టే పని కావ్యకి అప్పగించారు. పదకొండేళ్ళ పిల్ల, ఆరో తరగతి. ఓ మధ్యాహ్నం డబ్బా మూత లాగి, చెంచాతో గిన్నెలోకి తీస్తూ, "అమ్మా, అచ్చం మన కోడికూర వాసనే," అంది. అంటూ గుటక వేసింది. ఆ సన్నటి మెడలో గుటక కిందికి దిగడం పద్మావతి కళ్ళారా చూసింది.

కావ్యకి ముక్కలు ఇష్టం లేదు. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. "మా మనవరాలికి పులుసు చుక్క ఉంటే చాలమ్మా, ముక్క ముట్టదు. అచ్చం వాళ్ళమ్మే," అని అత్తగారు భ్రమరాంబ వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. మరి ఇష్టం లేని పిల్ల పిల్లి గిన్నె మీద వంగి గుటక ఎందుకు వేసింది?

వారం కిందట స్కూలు డైరీలో టీచరు రాసి పంపింది, ప్రార్థన జరుగుతుంటే కావ్య కళ్ళు తిరిగి పడిపోయిందని, డాక్టరుకి చూపించమని. "ఈడొస్తున్న పిల్లలు, అలాగే ఉంటారులే," అంది భ్రమరాంబ. పద్మావతి డైరీలో సంతకం పెట్టి పంపేసింది. ఇప్పుడు మొదటిసారి కూతుర్ని ఆ తూకం మీద నిలబెట్టింది. ఇరవై నాలుగు. ఎనిమిదేళ్ళ తమ్ముడు హేమంత్‌ని నిలబెట్టింది. ఇరవై ఆరు.

మర్నాడు చందానగర్ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. రక్తం ఎనిమిది దగ్గరుందని ఆయన కాయితం మీద సున్నా చుట్టి, "ఏం తింటుందమ్మా?" అన్నాడు. "ముక్కలు ఇష్టం లేదండీ," అంది. "మీరేం చదువుకున్నారు?" అంటే, "డిగ్రీ అండీ," అంది. అబద్ధం కాదు, సగం నిజం. ఆ సగాన్ని దాచుకోవలసి వచ్చినందుకు నేల చీలితే బావుండుననిపించింది. దారంతా కావ్య చెయ్యి తన చేతిలో చల్లగా, తేలిగ్గా ఉంది.

ఎవర్ని అనాలి? హేమంత్‌కి అన్నం తినిపించడం మొదలుపెట్టిన రోజుల్లో భ్రమరాంబ ఒక్కసారి చెప్పింది. "అమ్మాయ్, గరిటె అడుగు దాకా పోనిచ్చి పిల్లాడికి వెయ్యి. ఎదగాల్సినవాడు. ఆడపిల్లకి పైన తేట చాలు, రేపు అత్తారింట్లో ఉన్నా లేకపోయినా సర్దుకుంటుంది." ఆ మాట మళ్ళీ ఎప్పుడూ అనలేదు. అనాల్సిన పనీ పడలేదు. తర్వాత ఏడేళ్ళు, వంటింట్లో ఎవరూ చూడకుండా, ఒక్కతే నిలబడి, అయిదు కంచాలు వరసగా పెట్టుకుని, మూడు కంచాలకి అడుగునుంచి, రెండు కంచాలకి పైనుంచి వడ్డించిన చెయ్యి ఎవరిది? పప్పయినా అంతే, పులుసయినా అంతే, చివరికి పెరుగయినా అంతే. మీగడ వాళ్ళకి, నీళ్ళు పోసి చిలికింది తనకీ కూతురికీ. ఎర్ర డబ్బా చూసి అంత తెలివిగా మాట్లాడింది కదా, కూతురి కంచంలో నీళ్ళు తీసేస్తే ఏం మిగులుతుందని ఒక్కనాడైనా లెక్క వేసిందా? కాస్త తెల్లన్నం, కాస్త పసుపు, కోడి వాసన. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అంటారు. కావ్యకి వడ్డించింది కన్నతల్లి. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందని నవ్వుకుంటాం గానీ, తను కళ్ళు తెరుచుకునే ఈ పని చేసింది, అదీ అన్నీ చదువుకుని. ఆ సిగ్గు ఎవరితోనూ చెప్పుకునేది కాదు. చెప్పుకుంటే, నువ్వే కదా తల్లివి అంటారు.

ఇక ఆ ఇష్టం సంగతి. కాపురానికొచ్చిన మొదటి ఆదివారం అందరూ తిన్నాక గిన్నెలో మెడముక్క ఒకటి మిగిలింది. "అయ్యో, నీకేం లేకుండా పోయిందే," అంది భ్రమరాంబ. కొత్తకోడలు మర్యాదకి, "పర్లేదత్తయ్యా, నాకు ముక్కలు ఇష్టం ఉండదు," అంది. అంతే, పన్నెండేళ్ళు అదే మాట. ప్రతి ఆదివారం కావ్య అది వింటూనే పెరిగింది. జడ వేసుకోవడం నేర్చుకున్నట్టే అదీ నేర్చుకుంది.

ఆ ఆదివారం పద్మావతి గుండె గట్టిచేసుకుని గరిటె అడుగుకి పోనిచ్చి, కోడికాలు కావ్య కంచంలో వేసింది. భ్రమరాంబ వెంటనే, "అదేంటమ్మాయ్, అది తినదుగా! వాడికి వెయ్యి," అంది. కావ్య కూడా, ఎవరూ చెప్పకుండానే, ముక్క తీసి తమ్ముడి కంచంలో పెట్టేసింది. "నాకు ఇష్టం లేదమ్మా." రామ్మోహనరావు పేపరు లోంచి తలెత్తకుండా, "ఇష్టం లేనిది బలవంతాన ఎందుకు పెడతావే?" అన్నాడు. ఆ పూట కూడా పద్మావతి పులుసన్నమే తింది, కూతురి పక్కనే కూర్చుని.

మూడో వారం చివర ఉదయ్ భాస్కర్, ఆయన భార్య దేవిశ్రీ పిల్లికోసం వచ్చారు. భోజనానికి ఉండమని రామ్మోహనరావు బతిమాలాడు. పిల్లి నిగనిగలాడుతోంది, వంద గ్రాములు పెరిగింది కూడా. దేవిశ్రీ నోట్సు తిరగేస్తూ, "ఎంత బాగా రాశారండీ! ఈ అక్షరాలు మీవేనా?" అని రామ్మోహనరావుని అడిగింది.

"లెక్క నాదండీ. రాసింది మా ఆవిడ. ఆవిడకి దస్తూరీ బావుంటుంది," అన్నాడాయన.

బల్ల దగ్గర ఆరు కుర్చీలు. అతిథులిద్దరూ, రామ్మోహనరావు, భ్రమరాంబ, హేమంత్ కూర్చున్నారు. కావ్య మంచినీళ్ళ జగ్గు పట్టుకుని గోడవారన నిలబడింది. ఒక కుర్చీ ఖాళీ.

"పాప కూర్చోదా?" అంది దేవిశ్రీ.

"అది వాళ్ళమ్మతో తర్వాత తింటుందండీ. దానికి పులుసుంటే చాలు, ముక్కలు ఇష్టం లేదు," అంది భ్రమరాంబ, ఎప్పటిలాగే మురిపెంగా.

పద్మావతి కావ్య చేతిలో జగ్గు తీసి బల్ల మీద పెట్టింది. భుజం పట్టుకుని ఖాళీ కుర్చీలో కూర్చోబెట్టింది. కంచం పెట్టి, గరిటె అడుగు దాకా పోనిచ్చి రెండు ముక్కలు వేసింది. కావ్య బెదిరిపోయి నాయనమ్మ వంకా, తండ్రి వంకా చూసి, "నాకు ఇష్టం లేదమ్మా," అంది.

బయటివాళ్ళ ముందు చెప్పాల్సి వస్తుందని పద్మావతి ఎప్పుడూ అనుకోలేదు. కానీ ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పటికీ చెప్పలేనని మాత్రం తెలిసింది.

"నాకు ఇష్టమే కావ్యా," అంది. "నాకు ముక్కలంటే చాలా ఇష్టం. పన్నెండేళ్ళుగా ఇష్టం లేదని అబద్ధం చెబుతున్నాను. అది విని నువ్వు నేర్చుకున్నావు."

"పద్మా, ఏంటిది? సార్ ముందు..." అని రామ్మోహనరావు నవ్వబోయాడు. ఆయన నవ్వితే తనూ నవ్వడం అలవాటే. ఈసారి నవ్వలేదు.

వంటింట్లోంచి ముక్కాలిపీట తెచ్చుకుంది. కూతురి పక్కన వేసుకుని కూర్చుంది. తన కంచంలోకి తనే రెండు ముక్కలు వేసుకుని, ఒకటి తీసి కొరికింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా తల దించుకోలేదు. కావ్య కంచం వంక చూడటం లేదు, తల్లి నోటి వంకే చూస్తోంది. ఆ పిల్లకి బాగా కనబడేట్టు, నెమ్మదిగా, పద్మావతి నమలసాగింది.