పోని దోవల పట్టీ

స్నానాలకు నీళ్ళు కాగే పొయ్యి పక్కన తాడు కట్టి, దాని మీద మా ఆయన ఫీల్డు బుక్కులు ఆరవేసేదాన్ని. గవుల్లోంచి, అంటే కొండ గుహల్లోంచి, వచ్చిన పుస్తకాలవి. బురద, గబ్బిలాల పెంట, కిరసనాయిలు, మనుషుల చెమట కలిసిన వాసన వేసేవి. మా అత్త నంజమ్మ వాటిని వంటింటి గడప దాటనిచ్చేది కాదు. "ఏం కంపమ్మా ఇది. ముట్టుకున్నావంటే నీళ్ళు పోసుకునే లోపలికి రా," అనేది. అందుకని పుస్తకాలు వచ్చిన రోజు నాకు రెండు స్నానాలు. అంటుకుపోయిన పేజీలను కొబ్బరి ఈనెతో విడదీసి, ఎండిన బురదను గోటితో గీకి, అలికిపోయిన అంకెల మీద పెన్సిలు దిద్ది, ఆ తర్వాత మ్యాపు గీయడం మొదలుపెట్టేదాన్ని. గీసేది కూడా నేనే.

మా ఆయన వెంకటగిరియప్ప ఒక ఎరువుల కంపెనీలో సర్వేయరు. యుద్ధం వచ్చి బయటి దేశాల ఎరువు ఆగిపోయాక, కర్నూలు వైపు సున్నపురాయి కొండల గవుల్లో ఉన్న గబ్బిలాల పెంట మీద కంపెనీ కన్ను పడింది. ఏ గవి ఎంత పొడుగు, ఎక్కడ ఎంత పెంట ఉంది, బండి ఎంతవరకు పోతుంది అని కొలిచి మ్యాపు ఇవ్వడం ఆయన పని. నెల్లో మూడు వారాలు అక్కడ, ఒక వారం చిక్కపేటలో మా ఇంట్లో. పెళ్ళయిన మూడో ఏడు ఆయన కళ్ళకు జబ్బు చేసి సన్నగీత కనిపించకుండా పోయింది. ఆ సంగతి ఆఫీసులో తెలిస్తే పని పోతుందని నాకు నేర్పాడు. నిబ్బు పట్టడం, ట్రేసింగు గుడ్డ మీద చెయ్యి ఆనకుండా గీత లాగడం, కంపాసు అంకెను కోణంగా మార్చడం, గొలుసు కొలతను అంగుళాల్లోకి తగ్గించడం, అన్నీ ఆయనే నేర్పాడు. తిట్లు తిట్టాడు గానీ విసుక్కోకుండా నేర్పాడు. అది నేను మరవలేదు, ఇప్పటికీ మరవను. రెండు రాగి డబ్బాల మీద పలక పెట్టుకుని ఏళ్ళ తరబడి గీశాను. ప్రతి మ్యాపు కింద మూలన "గీసినది: బి. వెంకటగిరియప్ప" అని కూడా నేనే రాసేదాన్ని. ఆయన రాస్తే అక్షరాలు వరస తప్పేవి.

"నువ్వు చేసుకున్న పుణ్యమే అది," అనేది మా అత్త. "మా కాలంలో మొగోడి కాగితాలు ఆడది తాకితే ఒప్పేవాళ్ళా? వాడు నీ చేతికిచ్చినాడు. అది తలుచుకో." నాకు వచ్చిన చిక్కేమిటంటే నేను నిజంగానే తలుచుకునేదాన్ని. పప్పు మాడితే తిట్లు, గీత వంకరపోతే తిట్లు, రెండూ ఒకే మధ్యాహ్నం పడిన రోజున కూడా, నిబ్బు కొసన కొండ లోపలి దారి ఒకటి మెలమెల్లగా బయటికి వస్తుంటే మనసు నిండిపోయేది. పైఆఫీసరు ఒకసారి ఇంటికొచ్చి పలక చూసి, ఇదేమిటని అడిగాడు. "మా ఇంటిది ముగ్గులు బాగా ఏస్తాది సార్. గీతలు కొంచెం దిద్దుతాది," అన్నాడు ఈయన. నేను కాఫీ లోటాలు పెట్టి లోపలికి వచ్చేశాను. ఆ పూటంతా నా చేతులకు ఏం చేయాలో తెలియలేదు.

వదిలేసిన దోవలకు నేను పట్టీ రాయడం మొదలుపెట్టింది చిక్కమునియప్ప వల్ల. అతను ఆయన దగ్గర గొలుసు మనిషి. గొలుసు కొస పట్టుకుని ఏ సందులోకైనా మొదట దూరేది అతనే. పుస్తకాలు తడిసి పాడవకుండా ముందుగా రైల్లో ఇంటికి తెచ్చిచ్చేది కూడా అతనే. వీధి గుమ్మం పక్కనున్న అరుగు, మా జగలి మీద కూర్చుని మజ్జిగ తాగి పోయేవాడు. ఒకసారి చెయ్యి గుడ్డతో మెడకు కట్టుకుని వచ్చాడు.

"ఏమైంది చిక్కమునియప్పా?"

"ఏం లేదమ్మా. పావురాల గవిలో ఒక బొక్కలో దూరితే భుజం ఇరుక్కునింది. నలుగురు కాళ్ళు పట్టి లాగినారు. లోపల ఇరుక్కున్నాక జ్ఞాపకమొచ్చె, పోయినేడూ ఇదే బొక్కలో దూరినా నేను. అప్పుడూ ఆడ ఏం లేదు." చెప్పి తనే నవ్వాడు.

నేను లోపలికి పోయి పోయినేటి పుస్తకం తీసి చూశాను. ఒక పేజీ అడుగున, గొలుసు ఆపిన చోట్లకు ఈయన వేసే నంబర్లలో వేరొకదాని కింద, ఒక్క ముక్క ఉంది: కుడివైపు సందు, పదిహేను అడుగులు, తర్వాత రాయి. నేను దాన్ని మ్యాపులోకి ఎక్కించలేదు. "పనికిరాని బొక్కలు గీసి గుడ్డ పాడు చెయ్యొద్దు" అని ఈయన చెప్పి ఉన్నాడు, నేను సరేనన్నాను. నా పలక మీద లేని గీత వల్ల ఆ మనిషి భుజం దెబ్బతింది. ఇంట్లో నా పని వల్ల ఎవరికైనా ఏదైనా అవుతుందని అంతవరకు నేను ఎన్నడూ అనుకోలేదు. ఉప్పు ఎక్కువైతే ముఖం ముడుచుకుంటారు, అంతే. ఆ మధ్యాహ్నమే బడిపిల్లల నోటుబుక్కు ఒకటి తెప్పించి గళ్ళు కొట్టాను.

పైన "పోని దోవలు" అని, అంటే ఎవరూ చివరిదాకా పోయి చూడనివి అని, రాశాను. ఏ గవి, ఏ నంబరు దగ్గర, ఎడమా కుడా, నేల మట్టానా పైనా, ఎంత వెడల్పు, గాలి ఆడుతోందా, ఎందుకు ఆగారు, ఎవరు చూశారు. తర్వాత ఎవరైనా పోయి చూసి వస్తే తేదీ వేసి, ఏముందో రాసి, పక్కన టిక్కు పెట్టేదాన్ని. పాత మాట మాత్రం చెరిపేదాన్ని కాదు. ఎందుకు ఆగారన్న గడి నింపడమే కష్టం. మా ఆయన అన్నిటికీ ఒకే మాట రాసేవాడు, "అయిపోయింది" అని. రాయి అడ్డమొచ్చినా, నీళ్ళొచ్చినా, భోజనం వేళైనా అదే మాట. నేను జగలి మీద చిక్కమునియప్పను ఒక్కొక్కటీ అడిగేదాన్ని. అతను కళ్ళు మూసుకుని, ఆ గవిలో మళ్ళీ పాకుతున్నట్టు చేతులు తడుముకుంటూ చెప్పేవాడు. "అదా? గవి అయిపోలేదమ్మా, దీపంలో నూనె అయిపోయింది." "అది మూసుకోలా. నా భుజం పట్టలా, అంతే." నా జన్మలో ఒక మగవాడు నేనడిగిన ప్రశ్నకు అంతసేపు ఆలోచించి జవాబు చెప్పడం అతని దగ్గరే చూశాను. అందుకు అతనికి ఎప్పుడూ నోరు తెరిచి ఏమీ చెప్పలేదు. మజ్జిగలో ఇంకొంచెం అల్లం వేసేదాన్ని.

పట్టీ చూసి మా ఆయన, "కూలోళ్ళ పేర్లెందుకే ఇందులో?" అన్నాడు.

"మళ్ళీ పోయినప్పుడు ఎవరినడగాలో తెలియాలి గదా."

"నన్నడిగితే చాలదా?"

మీరు బయట నీడలో కూర్చుని రాసుకున్నారు గదా అని నోటిదాకా వచ్చింది. చారు వడ్డించాను.

నలభై నాలుగో సంవత్సరం ఆషాఢం నాటికి పట్టీలో అరవై రెండు దోవలున్నాయి. ఒక శనివారం అన్నం తింటూ ఈయన హుషారుగా చెప్పాడు. బూడిద గవిలో వెనక గోడను మందు పెట్టి పేలుస్తారట. బండ్లకు తిన్నగా దారి పడుతుందట. సోమవారం మ్యాపు ఇవ్వాలట. "కొసలన్నీ మూసెయ్యి. తెరిచి పెట్టిన గీతలు చూస్తే, పని సగంలో వదిలేసొచ్చినానంటారు."

బూడిద గవి వెనక గోడ దగ్గర నా పట్టీలో నలభై ఏడో దోవ ఉంది. నేల మట్టాన జానెడు సందు, గాలి లోపలికి లాగుతోంది, చిక్కమునియప్ప చూశాడు. ఆదివారం మధ్యాహ్నం ఇల్లంతా పడుకున్నాక పలక ముందు కూర్చున్నాను. గాలి లాగుతోందంటే ఎక్కడికో పోవాలి గదా అనిపించింది. ఆ కొండకు అవతలి పక్క పావురాల గవి. దాని మ్యాపు వేరే గుడ్డ మీద ఉంది. రెండూ వేర్వేరు గవులని, రెంటినీ ఎవరూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు లేరు. ట్రేసింగు గుడ్డకు వెనక ఉన్నది కనబడుతుంది. కొండ మ్యాపు కింద పరిచి, రెండు గవుల నోళ్ళను వాటి వాటి చోట్ల పెట్టి, ఉత్తరపు గీతలు కలిపి, ఒక గుడ్డ మీద ఇంకొకటి పరిచాను. పావురాల గవి చివరి గదిలో నా ముప్పై ఒకటో దోవ ఉంది: గాలి బయటికి వస్తోంది. అది, ఈ నలభై ఏడోది, ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి. మధ్యలో అర అంగుళం ఖాళీ. అంగుళానికి ఇరవై అడుగుల లెక్కన, పది అడుగులు.

ఆ చివరి గదిలోనే ఆడకూలీలు పెంట జల్లెడ పడతారు. మధ్యాహ్నం అక్కడే నడుం వాలుస్తారు. చల్లగాలి వస్తుందని. వాళ్ళ పెద్ద మునివెంకటమ్మ అని, గంపతోపాటు చంటిబిడ్డనూ మోస్తుందని చిక్కమునియప్ప చెప్పేవాడు. ఈ పక్క మందు పెడితే ఆ పక్క కూర్చున్నవాళ్ళ మీద కప్పు రాలుతుంది.

నేను ఈయన్ను లేపాను. గుడ్డలు చూపించాను.

"రెండు గవులు వేరే వేరే. మధ్యలో ఉండేది రాయి. నేను చూసినా."

"చూసింది చిక్కమునియప్పండీ. గాలి లాగుతోందన్నాడు."

"వాడు చెప్పిందే వేదమా? సోమవారం నేను చేతులూపుకుంటా పోవాలా? మూసెయ్యి."

మా అత్త నిద్ర లేచి వచ్చింది. "ఏమ్మే, మొగుడి పని మీదికి తెస్తావా? ఇంత అన్నం పెడతా ఉండాడు, ఇంత విద్య నేర్పినాడు. ఇదేనా నువ్వు తలుచుకునేది?"

"తలుచుకునే చెబుతున్నానత్తా. గాలి ఆడే చోట గీత మూయకూడదని మొదటి ఏడు నాకు నేర్పింది ఆయనే. నేను మూయను."

అన్నేళ్ళలో ఆయన చెప్పిన గీత గీయననడం అదే మొదలు. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని నిబ్బు తీసుకున్నాడు. గుడ్డ మీదికి వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు. గీత ఎక్కడ ఆగిందో ఆయనకు కనిపించలేదు. నిబ్బు పలక మీద పడేశాడు. "రేపట్నుంచి నా పుస్తకాలు ముట్టుకోవద్దు," అన్నాడు. నేను రెండు దోవలనూ చుక్కల గీతతో తెరిచి, ఆ పది అడుగులు ఎర్ర సిరాతో రాసి, పట్టీలో వాటి వరసలు వేరే కాగితం మీద ఎక్కించి మ్యాపుకు గుచ్చాను. పొద్దున ఆయన కాఫీ తాగకుండా అది తీసుకుని పోయాడు. దారిలో చించేస్తాడో, ఇస్తాడో నాకు తెలియదు.

తర్వాత ఆరు వారాలు ఆయనా రాలేదు, పుస్తకాలూ రాలేదు. పలక గోడకు ఆనించి ఉంది. ఇంట్లో పని తగ్గిందని మా అత్త సంతోషించింది. మందు పేలిందా, లేదా? అడగడానికి ఎవరూ లేరు. పని పోయినందుకు బాధ ఒకటి, ఆ ఆడవాళ్ళ గురించి భయం ఒకటి, రెండింట్లో ఏది పెద్దదో నన్ను నేను అడుక్కుని సిగ్గుపడేదాన్ని.

భాద్రపదంలో ఒక ఉదయం చిక్కమునియప్ప పుస్తకాల మూటతో జగలి ఎక్కాడు. కూర్చోకముందే చెప్పాడు.

"పేల్చలేదమ్మా. ముందు చూసి రమ్మని నన్ను దోలినారు. ఆ సందులో మట్టి పూడుకోని ఉండాది, రాయి కాదు. రెండు దినాలు బోర్లా పడుకోని తవ్వినా. మూడో దినం గునపం పెడితే అవతలికి దిగబడె. లోపల్నుంచి మునివెంకటమ్మ అరిచింది, 'ఎవడ్రా గోడలో ఉండేది, మనిషివా దెయ్యానివా?' అని. 'మనిషినే తల్లీ, కొంచెం దారియ్యి' అంటి. బొక్క పెద్దది చేసి తల పెడితే, జల్లెడ తీసుకోని నెత్తిన కొట్టింది." నెత్తి తడుముకుని నవ్వాడు. "ఇప్పుడు మందు వద్దనేసినారు. ఆ దోవలోనే గంపలు ఇటు అందిస్తా ఉండారు."

నేను మజ్జిగ తెచ్చి అతని ముందు పెట్టాను.

"ఆఫీసులో అయ్య తానే కనిపెట్టినానని చెప్పినాడంట. మెచ్చుకున్నారంట," అన్నాడు నా వైపు చూడకుండా. "గవిలో మాత్రం నేను చెప్పినా. చిక్కపేటలో ఒకమ్మ పలక మీద కనిపెట్టిందని. మునివెంకటమ్మ నీ పేరడిగింది."

పుస్తకాలు నాకే ఎందుకు పంపారని అడగలేదు. వేరే ఎవరు గీస్తారు? ఆరవేసి, పేజీలు విడదీస్తూ పోతుంటే ఒకచోట ఆగిపోయాను. మా ఆయన దస్తూరీ, వరస తప్పిన అక్షరాలు: "నలభై ఏడు నుంచి ముప్పై ఒకటి వరకు. పొడవు పద్నాలుగు అడుగులు. అక్కడివాళ్ళు భాగీరథమ్మ దోవ అంటారు." గవిలో ఏ చోటుకైనా అక్కడివాళ్ళు పిలిచే పేరే రాయాలని వాళ్ళ కంపెనీ రూలు. ఆయనకు రాయక తప్పలేదు. నా పేరు పెళ్ళిపత్రిక తర్వాత కాగితం మీద చూడడం అదే. వరస తప్పిన ఆ అక్షరాలను దిద్దకుండా అలాగే ఉంచాను.

మూడో రోజు ఈయన వచ్చాడు. మ్యాపు దాదాపు అయిపోయింది. కళ్ళద్దాలు సర్దుకుని, వేలితో తడిమి ఆ పేరు దగ్గర ఆపాడు. గొంతు మెత్తగానే ఉంది.

"అది కొట్టేసి నంబరు వెయ్యి భాగీరథీ. ఆఫీసులో నలుగురు చూస్తారు. ఇంటి ఆడదాని పేరు."

నేను నిబ్బు ఇంకులో ముంచాను. ఈ మనిషి నేర్పిన విద్యతోనే ఇంతదూరం వచ్చాను, ఆ మాట ఇప్పుడూ నిజమే. కానీ ఈ పేరు ఆయన ఇవ్వలేదు, నేను అడగలేదు. ఆ సందులో మోకాళ్ళ మీద అటూ ఇటూ పోయేవాళ్ళు ఇచ్చారు.

"కొట్టేసే హక్కు మనిద్దరికీ లేదండీ," అన్నాను, పెన్సిలు అక్షరాల మీద సిరా పోస్తూ.