కదలకుండా నిలబడ్డ సీమపంది

నేను ఒక సిరంజిని. పశువులకు మందెక్కించే గాజు సిరంజిని. ఆ రోజు ఆ ఇంట్లో పోలినాయుడు, వాళ్లమ్మ అప్పలనరసమ్మ, కూతురు హైమ, నన్ను సంచిలో వేసుకొచ్చిన గౌరీశు ఉన్నారు. పెరట్లో పాకలో ఇంకా తొలి ఈత ఈనని తెల్ల సీమపంది ఉంది. మాటలన్నీ దాని గురించే.

నేను పట్నంలో ఓ కార్ఖానాలో పుట్టాను. మొదట నన్ను కొన్నది ఒక పశువుల డాక్టరు. నన్ను మరిగించనిదే ఏ పశువునూ ముట్టేవాడు కాదు. పందిని ఎదకు తెచ్చే మందు నింపినప్పుడల్లా, "ఎదలో ఉన్నదానికి ఇది వెయ్యకూడదు. లోపల గడ్డలు కడితే ఇక చూలు నిలవదు" అనేవాడు. ఆయన రిటైరయ్యాక, ఊళ్లో పశువులకు సూదులేసే గౌరీశు చేతికొచ్చాను. ఇతను నన్ను లుంగీ అంచుతో తుడుస్తాడు. డాక్టరు మాట నాతో వచ్చింది గానీ ఇతని చెవిన పడలేదు.

పోలినాయుడు మొన్నటిదాకా ఆవులు మేపినవాడు. పందులు కొత్త.

"ఈడొచ్చినా అరుపే లేదు గౌరీశూ. ఎదకొస్తే ఆవులా వీధంతా వినపడేలా అరవొద్దా?"

"సూదేస్తే వారంలో దారికొస్తాది. అప్పటికీ రాకపోతే కోతకిచ్చెయ్."

గుమ్మం చాటున హైమ చున్నీ కొస నలిపేస్తోంది. రోజూ పాక కడిగేది ఆ పిల్లే. బళ్లో తన పక్కన కూర్చునే పందులవాళ్ల పిల్ల ఎదకు ఒక గుర్తు చెప్పిందట. పొద్దున హైమ దాని వీపు మీద చెయ్యేసి నొక్కితే, పంది చెవులు నిక్కించి అలాగే నిలబడిపోయిందట.

"మామ్మా, అది ఎదలోనే ఉందే. ఇవాళే మగపంది దగ్గరికి తోలాలి. నాన్నకి చెప్పవే" అంది గుసగుసగా.

"సిగ్గులేదేటే? మగోళ్లున్నచోట ఆ మాటలేటి!"

పోయిన వేసవిలో హైమ పెద్దమనిషైతే మైకు పెట్టించింది ఈ మామ్మే. ఈ పిల్ల బొమ్మతో వీధిలో ఫ్లెక్సీ కట్టించిందీ ఈమే. ఆ ఫ్లెక్సీయే ఇప్పుడు పందిపాకకు కప్పు. పిల్ల సంగతి ఊరంతటికీ చాటొచ్చు, పంది సంగతి కన్నతండ్రితో అనకూడదు. అటక మీద పడున్న ఈనాటికీ ఆ లెక్క నాకు అంతుపట్టలేదు.

గౌరీశు నన్ను ఆ ఎదకు తెచ్చే మందుతోనే నింపి పాకలోకి దూరాడు. వీపు మీద చెయ్యి అదిమాడు. పంది చెవులు నిక్కించి, అడుగు కదపకుండా నిలబడింది.

"చూడు నాయుడూ, ఎంత బుద్ధిమంతురాలో! తాడే అక్కర్లేదు."

నాకు అక్కడికక్కడే పగిలిపోవాలనిపించింది. పగలడం కూడా నా చేతిలో లేదు. నోరున్నది హైమకే. పరుగెత్తుకొచ్చింది.

"నాన్నా, ఆగు! కదలకపోవడమే గుర్తు. అది ఎద..."

గౌరీశు ఇకిలించాడు. పోలినాయుడి మొహం కందిపోయింది.

"ఇంట్లోకి పో!" అన్నాడు. కప్పు మీద హైమ బొమ్మ నవ్వుతూనే ఉంది. పోలినాయుడు పాక తలుపు హైమ మొహం మీదే మూసేశాడు.